చదివారా గారు

ఆయన్ని ఏ కాగితం అడిగినా ముందు ఒకటే మాట వచ్చేది: "చదివారా?"

మా కాలేజీ లైబ్రరీలో పాత పత్రికల గదికి ఆయన గుమాస్తా. ఏ పుస్తకం మీద ఏ సమీక్ష కావాలన్నా ఆయన బీరువాలోంచే రావాలి. అసలు పుస్తకం చదవలేదంటే బీరువా తెరుచుకోదు. చదివామంటే మౌఖిక పరీక్ష. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన చదివారా గారే.

ఒకసారి ప్రిన్సిపాల్ గారు ఏదో సభలో మాట్లాడాలని ఒక నవల మీద సమీక్ష అడిగారు.

"చదివారా సార్?"

"టైమెక్కడిదయ్యా! నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు."

"అయితే నవలే పట్టుకెళ్లండి. నాలుగు పేజీలు చదివితే నాలుగు ముక్కలు అవే వస్తాయి."

సభకి ప్రిన్సిపాల్ గారు రాలేదు. జలుబు చేసిందని కబురొచ్చింది.

ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినాయన నిచ్చెన కింద పరుచుకోవడానికి పాత పత్రిక అడిగితే, ఆయనకీ అదే ప్రశ్న. పాపం, నిచ్చెన మెట్టు మీద కూర్చుని సీరియల్ మూడు భాగాలు చదివి, నాలుగోది దొరక్క, దిగులుగా వెళ్లిపోయాడట. ఆ ఫ్యాను ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది.

ఇక నా సంగతి. పగలంతా స్కూల్లో పాఠాలు. సాయంత్రం ఈ కాలేజీలో పరిశోధన. నలభై నాలుగేళ్లు వచ్చాక మొదలుపెట్టిన ఈ చదువుకి కళ్లజోడు నంబరు పెరిగింది గానీ పేజీల నంబరు పెరగలేదు. మా గైడు నాకు అప్పగించింది ముప్పై ఏళ్ల కిందటి ఒక నవల. రచయిత్రి రాసింది ఆ ఒక్కటే. దాన్ని విమర్శకులు ఎలా చూశారో సోమవారానికల్లా ఒక అధ్యాయం రాసివ్వాలి. అయిదు సమీక్షలు దొరికితే ముక్కలు అతికి గట్టెక్కేద్దామని శుక్రవారం సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను.

"చదివారా మాస్టారూ?"

"చదివానండీ," అన్నాను. నిజం చెప్పే ఓపిక లేదు.

"చివర్లో ఆ అమ్మాయి ఏమవుతుంది?"

ఆ ముక్క ఎక్కడో చూశాను. "నదిలో దూకి చచ్చిపోతుంది," అన్నాను ధీమాగా.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బీరువా తెరిచి అయిదు సమీక్షలూ నా ముందు పరిచారు. అయిదింట్లోనూ అమ్మాయి నదిలోనే దూకింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశారా? అయిదుగురూ అదే అన్నారు!"

"అయిదుగురూ అన్నారు. ఒక్కరూ చదవలేదు," అంటూ నవల తెచ్చి వాటి మీద పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం తిట్టుకుంటూనే చదివాను. ఆ అమ్మాయి నది దాకా వెళ్లిన మాట నిజమే. మొహం కడుక్కుంది. చేతి గడియారం చూసుకుంది. పరుగెత్తి బస్సెక్కింది. ఇంకా ఒక అధ్యాయం ఉంది. మొదటి సమీక్షకుడు నది కనపడగానే పుస్తకం మూసేసి చంపేశాడు. మిగతా నలుగురూ దహనానికి వెళ్లొచ్చారు.

సోమవారం గైడుకి సంగతి చెబితే, "బతికే ఉందా?" అని నోరు తెరిచి రెండు వారాలు గడువిచ్చారు. ఆయనా నవల చదవలేదని నాకు అప్పుడే తెలిసింది.

తిన్నగా పత్రికల గదికి వెళ్లాను. "అబద్ధమాడానండీ, క్షమించండి," అన్నాను.

"నేనూ ఆడాను మాస్టారూ," అన్నారు చదివారా గారు, గొంతు తగ్గించి. "ఇరవై రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ వచ్చి, 'నా నవల ఎవరైనా తీసుకెళ్తున్నారా బాబూ?' అని అడిగింది. పుస్తకం దుమ్ము కొట్టుకుని ఉంది. నోరు రాక, చాలామంది చదువుతున్నారమ్మా అనేశాను. అప్పట్నుంచి ఆ మాట నిజం చేద్దామని కనపడ్డవాళ్లందర్నీ అడుగుతున్నాను. ఆవిడ ఒక్కరి పుస్తకమే అడిగితే బాగోదు కదా, అన్నిటికీ అడుగుతున్నాను."

ఇరవై రెండేళ్లుగా! ప్రిన్సిపాల్ గారి జలుబుతో సహా అంతా అందుకే.

"ఆవిడ ఇప్పటికీ రోజూ వస్తుంది. రండి, ఇక్కడే ఉంది," అని కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్న ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లారు. "అమ్మా, ఈ మాస్టారు మీ నవల చదివారు."

ఆవిడ పేపరు దించి, "ఎలా ఉంది నాయనా?" అంది.

చాలా బాగుందండీ అందామనుకున్నాను. రెండో అబద్ధానికి ఓపిక చాల్లేదు. "ఏడో అధ్యాయంలో రెండుసార్లు నిద్రపోయానండీ," అన్నాను.

చదివారా గారు వెనకనుంచి నా చొక్కా లాగారు.

పెద్దావిడ మాత్రం పకపకా నవ్వింది. "రాసేటప్పుడు నేనూ అక్కడే నిద్రపోయాను! ఇన్నేళ్లుగా ఈయన నాకు చెబుతున్న పాఠకులందరూ 'చాలా బాగుంది' అన్నారట. ఒక్కడికైనా ఆవలింత వచ్చిందా? అప్పుడే అనుకున్నా, ఒక్కడూ చదివుండడని. పాపం, అంత ముచ్చటగా చెబుతుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను."

చదివారా గారు ఫ్యాను కేసి చూస్తూ నిలబడిపోయారు.

ఆవిడ పక్క కుర్చీ లాగింది. "కూర్చో నాయనా. ఎనిమిదో అధ్యాయంలో మెలకువగానే ఉన్నావా?"