జాకీకి కొలతలు తీసిన వదిన

మా అన్నయ్య స్పేర్ పార్టుల కొట్టుకీ మా వదిన కుట్టుగదికీ మధ్య తలుపు లేదు, నీలం తెర ఉంది. ఒకప్పుడది నేలను తాకుతూ ఉండేది. జీపు నడిపే ఒకమ్మాయి కొట్టుకి రెండోసారి వచ్చి వెళ్ళిన సాయంత్రం వదిన దాన్ని దించి, జానెడు పైకి మడిచి, అంచు కుట్టి మళ్ళీ వేలాడదీసింది.

"బాగానే ఉందిగా వదినా, ఎందుకూ?" అన్నాను గుండీలు కుట్టడం ఆపి.

"నేలంతా తుడుస్తోంది" అంది.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు మిషను ముందు కూర్చుంటే కొట్లోకి వచ్చినవాళ్ళ పాదాలు కనిపిస్తాయి. అన్నయ్య చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో కూడా.

అసూయ వదినకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో, వార్తలు చదివే ఆవిడ గొంతు బాగుందని అన్నయ్య నోరు జారాడు. అప్పుడు బీరువా మీదికెక్కిన రేడియో ఇంతవరకూ కిందికి దిగలేదు. ఆమె అసూయ గట్టిగా అరవదు. మిషను చప్పుడులో కలిసి నడుస్తుంది. కొట్లో నవ్వు వినిపిస్తే కాళ్ళ కింద పెడల్ వేగం పెరుగుతుంది. నవ్వు ఆగితే, ఎందుకాగిందోనని సూది కూడా గాల్లోనే ఆగుతుంది.

జీపమ్మాయి పని కొండ మీది టవర్లు బాగుచేసే మనుషుల్ని రాళ్ళదారిలో పైకి చేరవెయ్యడం. బండికి పెద్ద టైర్లు, ఎత్తు పెంచే స్ప్రింగులు వేయించుకుంది. దాంతో చక్రం మార్చేటప్పుడు బండిని లేపే పాత జాకీ అందక, కొత్తది కొనడానికి మా కొట్టుకొచ్చింది. అన్నయ్య "బండి బరువెంత?" అని మాత్రం అడిగి, ఆ బరువు మోసేదొకటి తీసిచ్చాడు. కొండ మీద పంక్చరైతే, గాలిపోయిన చక్రం ఊడొచ్చింది కానీ గాలి నిండిన చక్రం ఎక్కలేదు. జాకీ ఎంత లేపినా వేలెడు ఎత్తు తక్కువైంది. మార్చమని వస్తే, ఈసారి పొడుగాటిది ఇచ్చాడు. మళ్ళీ పంక్చరైంది. బండి ఒక పక్కకు కుంగిపోయేసరికి ఆ పొడుగాటి జాకీ ఇరుసు కిందికే దూరలేదు. పాపం, నేల తవ్వుకుంది.

మూడోసారి తెర కింద ఆ బురద బూట్లు కనిపించగానే పెడల్ ఆగిపోయింది.

"ఏమండీ, ఇది కూడా కుదర్లేదండీ!" అంటూ నవ్వింది జీపమ్మాయి.

"విన్నావా? ఏమండీ అట! అన్నయ్యా అంటే నోరు పడిపోతుందా?" అంది వదిన నా చెవిలో.

"బయటివాళ్ళని అలాగే పిలుస్తారు కదా వదినా."

"నేనూ అలాగే పిలుస్తున్నా. అయితే నేనూ బయటిదాన్నేనా?"

అవతల అన్నయ్య గొంతు తేనె పూసుకుంది. "అయ్యో, అలాగా! కూర్చోండి, ఇంకోటి చూద్దాం. అదీ కుదరకపోతే మళ్ళీ రండి, మార్చిస్తాను."

ఆ "మళ్ళీ రండి" తెర దాటి వచ్చి వదిన ఒళ్ళో పడింది. కాసేపు దాన్ని చూస్తున్నట్టే తల వంచుకుని కూర్చుంది.

"కొలత ఒకసారి తప్పితే చెయ్యి తప్పిందనుకోవచ్చు. రెండోసారీ తప్పిందంటే మనసే తప్పుతోంది" అంది. "ఆ పిల్ల ఇంక ఈ గడప తొక్కకూడదు. చూస్తూ ఉండు."

మెడలో టేపుతోనే లేచి తెర ఎత్తింది. గొడవైపోతుందని నేను వెనకాలే పరిగెత్తాను. గొడవేం కాలేదు. "బండెక్కడమ్మాయ్?" అనడిగి, కొంగు నడుముకు దోపుకుని, జీపు పక్కన నేల మీద చతికిలబడింది.

"జాకీ ఎక్కడ ఆనుతుంది?"

"ఇదిగో అక్కా, ఈ ఇరుసు కింద."

వదిన టేపు సాగదీసి, మళ్ళీ వదిలేసింది. "టైర్లో గాలి తీసెయ్."

"ఎందుకక్కా, బాగానే ఉందిగా?"

"ప్యాంటుకి నిలబెట్టి మాత్రమే కొలతలు తీస్తే, కూర్చోగానే చిరుగుతుంది. నీ బండికి జాకీ కావాల్సింది అది నిలబడి ఉన్నప్పుడా, కూలబడ్డప్పుడా?"

జీపమ్మాయి వెంటనే వంగి టైర్లో గాలి తీసేసింది. చక్రంలోంచి పొడుగాటి నిట్టూర్పు వచ్చింది. బండి మెల్లగా ఒరిగి, అలిసిన మనిషి గోడకు ఆనుకున్నట్టు, ఆ చక్రం మీద వాలిపోయింది. అప్పుడు వదిన నేల నుంచి ఇరుసు దాకా ఎర్ర దారం కొలిచి తెంపింది. అన్నయ్యతో మళ్ళీ గాలి కొట్టించింది. బండి లేచి నిలబడ్డాక, చక్రం నేలను వదలడానికి ఇంకో బెత్తెడు కలుపుకుని నల్లదారం తెంపింది.

"ముడుచుకున్నప్పుడు జాకీ ఎర్రదారం కన్నా పొట్టిగా ఉండాలి. పూర్తిగా లేచినప్పుడు నల్లదారం కన్నా పొడుగ్గా ఉండాలి. బరువు సంగతి మీ అన్నయ్యగారు చూస్తారు" అంది, 'మీ అన్నయ్యగారు' అన్న మాటల్ని ఒక్కొక్కటిగా వత్తి.

అన్నయ్య జాకీలన్నీ దించాడు. కొన్ని ఎర్రదారం దగ్గర ఓడాయి, కొన్ని నల్లదారం దగ్గర. చివరికి అడుగు అరలోంచి దుమ్ముపట్టిన రెండంచెల జాకీ వచ్చింది. ఒకదానిలోంచి ఇంకొకటి లేచే రకం. ముడిస్తే ఎర్రదారం కన్నా కిందికి ఒదిగింది, లేపితే నల్లదారాన్ని దాటిపోయింది. బరువూ మోస్తుంది.

"ఇదున్న సంగతే మర్చిపోయాను" అన్నాడు అన్నయ్య, వదిన వైపు చూడకుండా.

వదిన లోపలికెళ్ళి, తన పాత ఇస్త్రీ చెక్క తెచ్చి జీపమ్మాయి చేతిలో పెట్టింది. "మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది, దీన్ని కింద వేసుకో. ఇంకే సాకూ మిగలకూడదు."

ఆ సాకు ఎవరిదో జీపమ్మాయికి తెలీలేదు. అన్నయ్యకు తెలిసింది.

బండి వెళ్ళాక వదిన అడిగింది. "కావాలనే తప్పు సైజులిచ్చారా?"

"ఛఛ! మొదటిసారి నిజంగా తెలీకే ఇచ్చాను."

"రెండోసారి?"

అన్నయ్య శుభ్రంగా ఉన్న స్పానర్‌ను తుడవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమంతా మిషను ఆగలేదు. దగ్గరికెళ్ళి చూస్తే సూది కింద బట్ట లేదు. ఉత్త మిషనే తొక్కుతోంది.

తర్వాత చాలా రోజులు బూట్లు రాలేదు. వదిన కోరుకున్నదదే. అయినా తెర కింద ప్రతి చప్పుడుకీ తలెత్తేది. ఒకరోజు వాన పడుతుంటే "దారం తడిస్తే కుంచించుకుపోతుంది. ఆ రోజు నా చేతులు తడిగా లేవు కదా?" అనడిగింది. జీపుకి కొలిచిన దారాల సంగతని నాకర్థమైంది.

ఒక మధ్యాహ్నం ఆ బూట్లు మళ్ళీ వచ్చాయి. పెడల్ పరుగందుకుంది.

"అన్నయ్యగారూ, అక్క ఉందా?"

పెడల్ తడబడింది. జీపమ్మాయి తెర తీసుకుని నేరుగా లోపలికొచ్చింది.

"అక్కా, సరిపోయింది!"

వదిన ఆమె చేతుల వైపు చూసింది. జాకీ లేదు. "మరి ఎందుకొచ్చావ్?"

"సరిపోయిందని చెప్దామనే."

వదిన ముఖంలో ఏదో బిగించి కట్టిన ముడి సడలింది. ఇన్నేళ్ళలో బిగుతైందనో వదులైందనో ఆ గదికి తిరిగొచ్చినవాళ్ళే అందరూ. సరిపోయిందని చెప్పడానికి ఎవరూ రాలేదు. కత్తెర పక్కనపెట్టి, బట్టల మూట జరిపి, "కూర్చో" అంది. బురదలో ఇస్త్రీ చెక్క మీద జీపు ఎలా నిలబడిందో ఆ అమ్మాయి నటించి చూపిస్తుంటే, వదిన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఏంటంత నవ్వు?" అన్నాడు అన్నయ్య అవతలి నుంచి. లోపల నవ్వు ఆగలేదు. కాసేపటికి తెర కింద అతని చెప్పులు వచ్చి, వేళ్ళు మా వైపు తిరిగి నిలబడ్డాయి. చాలాసేపు కదల్లేదు. వదిన వాటిని చూసింది. చూసి, ఇంకొంచెం గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రం తెర దించి అంచు కుట్టు విప్పింది. తెర మళ్ళీ నేలను తాకింది.

"నేలంతా తుడుస్తుందేమో వదినా" అన్నాను.

"తుడవనీ."

మడత గీత మీద ఇస్త్రీ మాత్రం చెయ్యలేదు. కావాలంటే మళ్ళీ అక్కడికే కుట్టుకోవచ్చు.