తెల్ల పొగ వెంట ఆటోనగర్ దాకా

డిసెంబరులో ఒక గురువారం, ఉదయం ఐదూ నలభై. మా వాకిట్లో ఉన్నవాళ్లు, ఉన్నవి: ఇరవై ఏళ్ల నాటి తొమ్మిది సీట్ల డీజిల్ వ్యాను, స్టీరింగు ముందు మా నాన్న దేవదానం, వెనక వరసలో మా పిన్ని రూతమ్మ, ఆమె ఒళ్లో ఇడ్లీల క్యారేజీ, వ్యాను వెనక, సైలెన్సర్ గొట్టానికి రెండడుగుల దూరంలో, చేతిలో పాత బనియను గుడ్డతో నేను. ముందు ఎడమ సీటు ఖాళీ. అది అమ్మది. వేసవిలో అమ్మ పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. సామాను కూడా పెట్టలేదు.

నాన్న తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. రెండోసారి కొడితే అందుకుంది గానీ గొట్టంలోంచి తెల్లటి పొగ కమ్ముకొచ్చింది. అసలే మంచు, దానికి ఈ పొగ తోడై ఎదురింటి గేదెలు కనిపించకుండా పోయాయి.

"ఒరేయ్ సుధీ, రోజూ అంతెత్తు గొట్టాల పొగ చూసేవాడివి, ఈ బెత్తెడు గొట్టం సంగతి తేల్చలేవా?" అన్నాడు నాన్న. నేను ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఇంజనీరుని. ఈ పని కోసమే సెలవు పెట్టి వచ్చాను.

నాన్న ఈ వ్యానుని పెళ్లిళ్లకీ, గుణదల తిరునాళ్లకీ కిరాయికి తిప్పుతాడు. చలి మొదలైనప్పటి నుంచి ప్రతి ఉదయం ఇదే పొగ. మా ఊరి మెకానిక్ ఒకసారి చూసి, ఇంజను బోర్‌కొచ్చిందని, అంటే లోపలంతా అరిగిపోయిందని తేల్చేశాడు. నాన్న విజయవాడ రావడానికి ఒప్పుకున్నది ఒకే షరతు మీద. "అక్కడ కూడా అదే మాటంటే బండిని ఆటోనగర్‌లోనే తుక్కుకిచ్చేసి బస్సెక్కి వచ్చేద్దాం. మళ్లీ నాతో వాదించకూడదు."

వాదించనని మాటిచ్చాను. ఇంట్లో అమ్మ వాడిన వస్తువులు చాలా ఉన్నాయి. అమ్మ వాలుకి తగ్గట్టు నొక్కుకుపోయి, ఇంకా అలాగే ఉన్నది మాత్రం ఆ సీటొక్కటే.

బండి కదిలాక పిన్ని నిట్టూర్చింది. "ప్రార్థన లేకుండా బయల్దేరడం నాకింకా అలవాటు కాలేదు బావా."

"వెనక కూర్చుని చేసుకో. నేనేమన్నా వద్దన్నానా?"

"కదిలే బండిలో చేస్తే అక్క ఒప్పుకునేదా?"

నాన్న గేరు మార్చాడు. అమ్మ పోయాక నాన్న ఆదివారం గుడికైతే వస్తాడు. చివరి వరసలో కూర్చుంటాడు, నోరు విప్పడు.

ఇలాంటి బండి ఉన్నవాళ్లకి పనికొస్తుందని దారిలో నేను చూసినవి చెబుతాను. పొగ నల్లగా ఉంటే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదని అర్థం. నీలంగా ఉంటే ఆయిలు కాలుతోంది. తెల్లగా ఉంటే అది ఆవిరైనా కావాలి, మండని డీజిలైనా కావాలి. మాది కళ్లు మండించే పొగ. గుడ్డ అడ్డం పెడితే డీజిల్ కంపు అంటుకుంది. రేడియేటర్లో నీళ్లు తగ్గడం లేదు. అంటే మండని డీజిలే. చల్లపల్లి చేరేసరికి పొగ ఆనవాలు కూడా లేదు.

పామర్రు దాటాక పొలాల్లో ఆపుకుని ఇడ్లీలు తిన్నాం. కోసిన వరి పనలు మంచుకి తడిసి ఉన్నాయి. ఎనిమిదీ ముప్పావుకి ఆటోనగర్ చేరాం. పిన్నికి గవర్నర్‌పేట హోల్‌సేల్ కొట్లలో పని. క్రిస్మస్‌కి గాయక బృందం ఆడవాళ్లకి పదిహేను చీరలు ఒకే రంగువి కావాలి. ఆమె శనివారం దాకా కృష్ణలంకలో కూతురింట్లో ఉంటానని ఆటో ఎక్కింది.

మెకానిక్ మస్తాన్ గారు ఇంజను మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. "వేడి బండి తెచ్చి పొగ చూపిస్తానంటే ఎట్టాగండీ? జొరం తగ్గాక డాక్టరు దగ్గరికొచ్చినట్టుంది. రాత్రికి ఇక్కడే పడుకోబెట్టండి. పొద్దున్నే ఏడింటికి రండి. మీరొచ్చిందాకా నేను ముట్టను."

ఇది ముఖ్యం: చలి పొగ చూపించాలంటే బండిని షెడ్డులో ఒక రాత్రి వదలక తప్పదు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో రెండు మంచాల గది తీసుకున్నాం. వేడినీళ్లు ఉదయం ఏడు దాకానే ఇస్తారు.

శుక్రవారం ఏడింటికి షెడ్డులో ఉన్నాం. ఇంజను చల్లగా ఉంది. హీటరు ప్లగ్గులకి కరెంటు అందుతోందో లేదో ముందు చూడాలనుకున్నాను. "నాన్నా, తాళం సగం తిప్పి ఉంచు. నేను చెప్పిందాకా సెల్ఫ్ కొట్టకు." మీటరు పెట్టి చూశాను. కరెంటు సరిగ్గానే అందుతోంది. "ఇప్పుడు కొట్టు."

ఒక్క దెబ్బకి అందుకుంది. ముగ్గురం గొట్టం వైపు చూశాం. పొగ లేదు.

"ఏదండీ పొగ?" అన్నారు మస్తాన్ గారు. "మీ అబ్బాయి మీటరు చూసి జడుసుకుందేమో."

నాన్న మొహం చిన్నబోయింది. "నిన్న చూశావు కదరా! నువ్వే సాక్షి."

అదే బండి, అదే డీజిల్, అదే చలి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. మిగిలింది ఒకటే: నేను మీటరు చూసినంతసేపూ నాన్న తాళం తిప్పి ఆగాడు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. లోపల నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇలాంటి పాత ఇంజన్లకి చలి ఉదయం ఆ వేడి చాలదు కాబట్టి, తాళం సగం తిప్పి ఆగితే హీటరు ప్లగ్గులు కాగుతాయి. ఆగమని చెప్పడానికి డాష్‌బోర్డులో చిన్న లైటుంటుంది. మా బండిలో అది వెలగగా నేనెప్పుడూ చూడలేదు. ఏడేళ్ల కింద పాతబండిగా కొన్నప్పుడే బల్బు మాడిపోయి ఉండాలి. నాన్నది లారీలు నడిపిన చెయ్యి. లారీల్లో ఆయన ఎప్పుడూ ఆగింది లేదు.

"మరి పోయిన చలికాలం పొగ రాలేదేం?" అని అడిగాను.

నాన్న గుడ్డ తీసుకుని ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. మస్తాన్ గారి ముందు కదా అని నేనూ రెట్టించలేదు.

సాయంత్రం ఐదున్నరకి ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. నాన్న రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ తనంతట తానే అన్నాడు. "తాళం సగం తిప్పితే గానీ కళ్లు మూసుకునేది కాదురా మీ అమ్మ. నేనొక్కణ్ణే కిరాయికెళ్లే రోజు కూడా ఎక్కి కూర్చుని, ప్రార్థన చేశాకే దిగేది. తిప్పకపోతే ప్రార్థన మధ్యలో నేను చుట్ట కోసం దిగిపోతానని అనుమానం."

"సెల్ఫ్ కొట్టనిచ్చేది కాదా?"

"ఇంజను మోతలో దేవుడికి వినపడదంట." నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. "ఆమెన్ అనిందాకా చెయ్యి తాళం మీదే పెట్టి కూర్చునేవాణ్ణి. దారికడ్డమొచ్చే గేదెల కోసం కూడా ప్రార్థన చేసేది. వాటికి బుద్ధి లేదు, మా ఆయనకి ఓపిక లేదు, నువ్వే చూసుకో ప్రభువా అని. ఏడేళ్లు... త్వరగా కానియ్యవే అని విసుక్కున్నాను."

ఎగువన కొండల వెనక ఎరుపు తగ్గిపోయింది. ఆ ప్రార్థన నేను వెనక సీట్లో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. విన్నానంటే, ఫోను చూసుకుంటూ విన్నాను. ఇప్పుడు మొదటి నుంచి చెప్పమంటే నాకు గేదెల ముక్కే గుర్తుంది. నాన్నని మిగతాది అడగాలనిపించింది. అడగలేదు.

బండిని ఇంకో రాత్రి షెడ్డులోనే ఉంచి, శనివారం ఉదయం రుజువు కోసం ఆగకుండా సెల్ఫ్ కొట్టించాను. షెడ్డు నిండా తెల్ల పొగ. మస్తాన్ గారు దగ్గుతూనే నవ్వారు. "ఇంజను బంగారంలా ఉందండీ. దీన్ని తుక్కుకిస్తే పాపం తగులుద్ది." ఆయనే డాష్‌బోర్డు విప్పి కొత్త బల్బు వేశారు. "లైటు ఆరినాక కొట్టండి మాస్టారూ. అంతకన్నా ఆగక్కర్లా."

పదకొండున్నరకి పిన్ని చీరల మూటలతో వచ్చింది. బస్సు అక్కర్లేదని చెబితే ముందు సీటు కేసి చూసి కొంగుతో కళ్లొత్తుకుంది. ఏం కనిపెట్టామో కంకిపాడు దాకా చెప్పాను. "అయితే అక్కే నడిపిందన్నమాట బండిని" అంది. "నువ్వొట్టి డ్రైవరువే బావా."

"ఔను. జీతం లేని డ్రైవర్ని" అన్నాడు నాన్న.

ఈ దారిన వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. బండిని చల్లగా చూపించండి. ఇంజను విప్పబోయే ముందు, అది బాగున్న రోజుల్లో బండిలో ఎవరుండేవారో, ఏం చేసేవారో కూడా గుర్తు చేసుకోండి.

ఉయ్యూరులో టీకి ఆగాం. చెరకు ట్రాక్టర్ల వరస వెళ్లేదాకా ఉండి మళ్లీ ఎక్కాం. నాన్న తాళం సగం తిప్పాడు. కొత్త లైటు వెలిగింది, ఆరింది. నాన్న చెయ్యి తాళం మీదే ఉంది.

"ఇంజను వేడిగానే ఉంది నాన్నా. ఇప్పుడు ఆగక్కర్లేదు."

"తెలుసులేరా."

పిన్ని నా భుజం తట్టి ఊరుకోమంది. నాన్న కళ్లు మూసుకోలేదు, రోడ్డు వైపే చూస్తున్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. "ప్రభువా, ఈ బండిని, ఎక్కినోళ్లని, ఎదురొచ్చేవాళ్లని నీ చేతిలో పెడుతున్నాం. గేదెల్ని కూడా. వాటికి బుద్ధి లేదు." అక్కడ ఆగాడు. "నాకు ఓపిక లేదు. నువ్వే చూసుకో. ఆమెన్."

ఆమెన్ అని మేమూ అన్నాం. అప్పుడు సెల్ఫ్ కొట్టాడు.

ఆ ఇంజనుకి లైటు ఆరేదాకా ఆగితే చాలు, ఆరు సెకన్లు. నాన్న ఆగింది ఇరవై నాలుగు.