నిజాంపేటలో ఇంటికంటే ముందు వీధి చూశాను

మేము జీడిమెట్లలో మూడో అంతస్తులో ఉంటున్నాం, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పి మొదలయ్యాక మెట్లు దిగి గుడికి వెళ్లడం మానేశాను. స్వామి దర్శనం చేసుకుని మూడు నెలలు దాటింది. నిజాంపేటలో ఒక చిన్న ఇంట్లో కింది వాటా ఖాళీగా ఉందని తెలియగానే ఆదివారం బయలుదేరాను. అక్కడికి మారితే హైటెక్ సిటీలో పనిచేసే మా అబ్బాయికీ దారి తగ్గుతుంది.

మూడున్నరకు ఆటో ఎక్కాను, నూట ఎనభై రూపాయలు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటి ముందు దిగేసరికి నాలుగూ ముప్పై ఐదు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. గేటు తీయకుండా వెనక్కి తిరిగాను.

"ఇల్లు ఈడుంటే అటు పోతవేందమ్మా?" అన్నాడు ఆటో అతను.

"రాహుకాలం బిడ్డా. ఆరైనంక పోత."

"నాకైతే రాహుకాలంలనే గిరాకీ ఎక్కువ!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటి యజమానురాలు యాదమ్మకు ఫోన్ చేసి ఆరు దాటాక వస్తానన్నాను. "ఇంకొకలు గూడ వస్తున్నరమ్మా. ముందు అడ్వాన్స్ ఎవరిస్తే వాళ్లకే" అంది. అయినా లోపలికి వెళ్లలేకపోయాను.

వీధిలో నెమ్మదిగా నడిచాను. నాలుగిళ్ల అవతలే పిండిమర, దాని పక్కన మందుల షాపు, మలుపులో పాల బూత్, కూరగాయల బండ్లు. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. నా నడకకు కూడా ఎనిమిది నిమిషాల్లో ఆంజనేయస్వామి గుడి వచ్చేసింది. రెండే మెట్లు. స్వామిని చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరుగు మీద నా వయసావిడే ఒకరు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. పేరు సత్యవతి, వాళ్లది భీమవరం వైపు.

"మీరూ ఆరు కోసమేనాండీ?" అన్నారు.

"అవునక్కా. ఇల్లు చూడాలె."

"నేనూ అందుకేనండీ! మా ఆయనైతే, రాహువుక్కూడా నీ అంత పట్టింపు ఉండదే అంటారు."

పులిహోర ప్రసాదం తింటూ నా మోకాళ్ల సంగతంతా ఆవిడకు చెప్పుకున్నాను. ఆరు కాగానే ఇద్దరం కలిసి లేచాం. ఏ సందు దగ్గరో ఆవిడ తిరిగిపోతారనుకున్నాను. ఆవిడా నా గురించి అలాగే అనుకున్నారట. చివరికి ఇద్దరి చేతులూ ఒకే గేటు మీద పడ్డాయి.

"ఏందీ, జతగట్టి వచ్చిన్రు! ఇగ ముందెవరని చెప్పాలె నేను?" అంది యాదమ్మ.

సత్యవతి గారు నా కాళ్లవైపు చూశారు.

"పై వాటా ఖాళీ అవుతుందాండీ?"

"వచ్చే నెల అయితది."

"అది నాకుంచండి. నాకు మెట్ల బాధ లేదు. ఈవిడ మళ్లీ గుడి మానేస్తే ఆ పాపం నాకెందుకు?"

"నెల దాకా ఎట్లక్కా మరి?" అన్నాను.

"ఉన్నచోటే ఉంటానండీ. మా ఇంటి ఓనరు వెళ్లమనలేదు, నేనే విసిగిపోయాను!"

కింద రెండు గదులు, తూర్పు కిటికీ ఉన్న వంటిల్లు, గోడలో దేవుడి గూడు. కిరాయి పద్నాలుగు వేలు. అక్కడే నిలబడి అడ్వాన్స్ ఇచ్చేశాను.

గేటు దగ్గర ఆగిపోయి ఇల్లు పోగొట్టుకుంటానేమోనని ఆ గంటన్నరా భయపడ్డాను. కానీ తిన్నగా లోపలికి వెళ్లి ఉంటే గదులు మాత్రమే చూసేదాన్ని. పై వాటాలోకి ఎవరు వస్తారో తెలిసి ఇల్లు తీసుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

ఇల్లు వెతుక్కునే వాళ్లకు ఒక్క మాట: గంట ముందే చేరుకుని, రోజూ మీరు వెళ్లాల్సిన చోట్లకు మీ కాళ్లతోనే నడిచి చూడండి. ఎంత దూరమో ఇంటివాళ్లను అడిగితే అందరూ "పక్కనే" అంటారు.