బావగారు తెచ్చిన బెల్జియం బీరు

మా ఆవిడ అన్నగారు నన్ను పిలిచి బీరు పోయిస్తానన్నారంటే దాని వెనక ఏదో పని ఉందని నాకు వెంటనే అనిపించింది. ఆయన తాగే మనిషి కాదు. నలుగురిలో కూర్చుంటే మర్యాదకి గ్లాసు పట్టుకుని, చివరికి దాన్ని పక్కవాళ్ళ గ్లాసులో ఒంపేసే రకం. అలాంటాయన ఒక ఆదివారం పొద్దున్న ఫోను చేసి, "బావగారూ, భోజనం అయ్యేక తోటలో మోటారు షెడ్డు దగ్గరికి రండి. ఒక బీరు ఉందండి. ఇక్కడిది కాదు, బెల్జియందండి. మా చెల్లికి మాత్రం చెప్పకండేం" అన్నారు.

రాజోలు దగ్గర మా ఊళ్ళో నేను చాలా ఏళ్ళు పాల కేంద్రం నడిపాను. క్యాను మూత తీసి వాసన చూడటమే నా పని. నీళ్ళు కలిపారా, పొడి కలిపారా, నిన్నటి పాలు ఇవాళ్టి పాలల్లో పోసుకొచ్చారా అన్న అనుమానాలతోనే పొద్దులు గడిచిపోయాయి. కేంద్రం వదిలేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో కాఫీ ఇచ్చినా ముక్కు దగ్గర పెట్టుకుని గాని తాగను. మా ఆవిడ ఎన్నోసార్లు నొచ్చుకుంది కూడా.

బావగారిది మా వైపే, నగరం అనే ఊరి పక్కన పల్లె. కొబ్బరి పీచు వ్యాపారం. పీచు తీయగా మిగిలిన పొట్టును ఇటుకల్లా నొక్కించి పై దేశాలకు పంపుతారు. అక్కడ మొక్కలు పెంచడానికి మట్టి బదులు అదే వాడతారట. ఆయన కొబ్బరి తోటా, మా ఆవిడ వాటాకి వచ్చిన తోటా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. చుట్టుపక్కల అందరూ రొయ్యల చెరువులు తవ్విస్తుంటే, "మన రెండు ముక్కలూ కలిపితే మంచి చెరువవుతుందండి" అని ఆయన ఒకసారి అన్నారు. ఉప్పునీళ్ళు పెడితే చెట్లు చస్తాయని నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు మత్తెక్కించి మళ్ళీ ఆ మాటే ఎత్తుతారని తేల్చుకున్నాను. ఏం పోసినా సరే, వద్దనే చెప్పాలని గట్టిగా అనుకుని బయల్దేరాను.

షెడ్డు నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సీసాని తడి తువ్వాల్లో చుట్టి ఉంచారు. విప్పితే నల్లగా, బరువుగా ఉంది. మూత బదులు బిరడా, దాని మీద ఊడిపోకుండా తీగ. చీటీ మీద పాత రాతి కట్టడం బొమ్మ.

"బీరుకి బిరడా ఏంటండి?" అన్నాను.

"మన పొట్టు కొనే బెల్జియం ఆయన వచ్చేరు కదండి, ఆయన ఇచ్చేరు. అక్కడ మఠాల్లో స్వాములు కాస్తారంటండి."

"స్వాములు బీరు కాస్తారా?"

"ఆయ్. ప్రార్థన వేళకి ప్రార్థన, కాసే వేళకి కాయడమంటండి."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫోను తీసి చీటీ ఫొటో కొట్టి తెలుగులోకి మార్చి చూశాను. మఠం పద్ధతిలో తయారైనది అని ఉంది. కింద సన్నక్షరాల్లో ఏదో ఫ్యాక్టరీ చిరునామా.

"ఇది మఠంలో చేసింది కాదండి. మఠంలో చేసినట్టు చేసింది. హైదరాబాదులో అమ్మే ఆత్రేయపురం పూతరేకుల్లాంటిదన్నమాట" అన్నాను.

ఆయన నవ్వేశారు. మత్తు సంగతి చూస్తే మన మామూలు బీరుకి రెట్టింపు. సీసా ఎత్తి ఎండకి పెట్టి చూస్తే అడుగున పొడిలా మడ్డి కదిలింది. క్యాను అడుగున మడ్డి కనిపిస్తే ఆ పాలు తిప్పి పంపేవాణ్ణి నేను.

"అది ఉంటుందంటండి. పులియబెట్టిన ఈస్టంట. కదపకుండా ఒంపుకోవాలంట" అన్నారు. ఐసు ఏదని అడిగితే, "మరీ చల్లగా తాగకూడదంటండి, వాసన చచ్చిపోద్దంట" అన్నారు. ఏది అడిగినా జవాబు సిద్ధంగా ఉంది. కల్తీ పాలు తెచ్చేవాళ్ళ దగ్గరే అన్ని ప్రశ్నలకీ జవాబులు అలా సిద్ధంగా ఉండేవి. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

బిరడా ఠప్పుమని ఊడి కొబ్బరి మట్టల్లోకి ఎగిరింది. రెండు గ్లాసుల్లో నెమ్మదిగా ఒంపారు. డికాక్షను రంగు. ఎండ తగిలిన అంచున ఎరుపు. పైన మీగడ రంగు నురగ ఎంతకీ దిగదు. ఆయన తన గ్లాసు ముట్టుకోలేదు. కుర్చీ అంచుకి జరిగి నా ముఖంలోకి చూస్తున్నారు.

"మీరు చూడండి ముందు. వాసన ఎలా ఉందండి?"

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒప్పుకోవాలి, అలాంటి వాసన నేనెప్పుడూ ఎరగను. ముందు బెల్లం పాకం ముదిరి మాడబోయే వాసన వచ్చింది. దాని వెనక ఎండు ఖర్జూరం. ఆ తర్వాత బాగా మగ్గి తొక్క నల్లబడిన చక్కెరకేళి. ఎక్కడో లోపల లవంగం. ఒక్క గుక్క తాగాను. నాలుక మీద బుడగలు చిటపటలాడాయి, తీపి తగిలింది, మింగేసరికి చేదు మిగిలింది. కాసేపటికి గుండెల్లో వెచ్చగా పాకింది.

ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన ఒక్కో మాటా మళ్ళీ చెప్పించుకున్నారు. "పాకం అంటే ఏ పాకమండి? అరిసెల పాకమా? ఖర్జూరం ముందొస్తందా, తర్వాతొస్తందా?" చెరువు ఊసే లేదు. అది నన్ను ఇంకా కంగారు పెట్టింది. ఇందులో ఏదైనా ఉందేమో, నా మీద పరీక్ష చేస్తున్నారేమో అని కూడా అనిపించింది.

"మీరూ తాగండి మరి" అన్నాను కాస్త కటువుగానే.

ఆయన గ్లాసెత్తి మజ్జిగ తాగినట్టు సగం తాగేశారు. ముఖంలో ఏ మార్పూ లేదు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ గుండిగ పక్కన నిలబడి, ఆవిరి వాసనతోనే పులుసులో మెంతి ఎక్కువైందని చెప్పే మనిషి ఈయన. ఇంత వాసన ఉన్నదాన్ని తాగి ఒక్క మాట కూడా అనలేదేమిటి?

"లవంగం తెలిసిందాండి?" అన్నాను.

"ఆయ్, తెలిసింది."

"చివర్లో కరివేపాకు?"

"అవునండి, కొంచెం కరివేపాకు కూడా వస్తంది."

గ్లాసు కింద పెట్టేశాను. "కరివేపాకు లేదండి. నేనే కల్పించేను. మీకసలు వాసన తెలుస్తందా బావగారూ?"

ఆయన తువ్వాలు తీసుకుని మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

"వానాకాలంలో జ్వరమొచ్చింది కదండి. అప్పట్నుంచీ ఏమీ తెలీడం లేదండి" అన్నారు. "రెండ్రోజుల్లో వచ్చేద్దిలే అనుకున్నాను. రాలేదు. మీ అక్కయ్యగారు కూరెలా ఉందంటే బాగుందంటున్నాను. విరిగిన పాలతో టీ పెడితే అది కూడా బాగుందన్నానంట. ఆవిడ హాస్యమనుకుంది."

"చెప్పొచ్చు కదండి ఆవిడకి?"

"ముందు సిగ్గేసిందండి. తర్వాత భయమేసింది. మొన్న ఆవిడ గుడికెళ్ళింది. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. గ్యాసు వస్తానే ఉంది. నేను ఆ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటన్నానండి. పక్కింటావిడ ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చి కట్టేసింది."

 భూమి కింద గ్యాసు గొట్టాలు వెళ్ళే ఊళ్ళవి, ఒకసారి గొట్టం పేలి మనుషులు కాలిపోయిన చోటు. అక్కడ గ్యాసు వాసన అన్న మాట వింటేనే జనం పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి వస్తారు. అలాంటి చోట ఇంట్లో గ్యాసు నిండుతుంటే ఈయన పేపరు చదువుకుంటున్నారు.

"మరి ఈ సీసా ఎందుకండి?"

"బెల్జియం ఆయన చెప్పేడండి, గ్లాసులో పోస్తే గదంతా వాసనొస్తదని. అంత ఘాటైందైతే కొంచమైనా తెలుస్తదేమోనని ఆశ. ఒక్కణ్ణే తాగితే, నాకు తెలిసింది నిజమో కాదో చెప్పేవాళ్ళు ఉండరు కదండి. మీరు దేన్నీ ఊరికే నమ్మరు. మీరు ఉందంటే ఉన్నట్టు. అందుకని పిలిచేను."

"ఇప్పుడేం తెలిసింది మరి?"

"తీపి తెలిసింది. చేదు తెలిసింది. గొంతులో వేడి తెలిసింది. మధ్యలో మీరు చెప్పినవేవీ లేవండి. ఖాళీ."

నా గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది, "చెరువు సంగతేం ఆలోచించేరండి?" అని అడిగాను. ఆయన అయోమయంగా చూసి, "ఏ చెరువండి?" అన్నారు.

మిగిలింది ఇద్దరం నెమ్మదిగా తాగాం. ఆయన అడిగితే నేను మళ్ళీ మళ్ళీ వాసన చూసి చెప్పాను. తర్వాత ఆయన్ని బతిమాలి మా ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలోనే మా ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏం తాగొచ్చేరు?" అంది. బావగారు తల వంచుకుని ఉన్నదంతా చెప్పేశారు.

"నాకు ఎప్పట్నుంచో అనుమానంగానే ఉంది అన్నయ్యా" అంది మా ఆవిడ. "మొన్న పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైపోతే అందరూ ముక్కులు పట్టుకున్నారు. నువ్వు మారు వడ్డించుకున్నావు. ఆ రోజే వదినతో అనాల్సింది."

అప్పటికప్పుడు వాళ్ళ వదినకి ఫోను చేసింది. ఆవిడ ఏడ్చింది, తర్వాత గట్టిగా తిట్టింది, ఆ వారంలోనే గ్యాసు తీయించి కరెంటు స్టవ్వు పెట్టించుకుంది. కాకినాడలో డాక్టరు గారు చూసి, రోజూ కొన్ని వాసనలు పట్టుదలగా చూస్తూ ఉండమన్నారు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

ఈమధ్య ద్రాక్షారామంలో బంధువుల పెళ్ళి చూసుకుని అందరం ఒకే కారులో వస్తున్నాం. బావగారు నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కారు ఒక ఊరు దాటుతుంటే ఉన్నట్టుండి, "పేడండి" అన్నారు. అద్దం దించి చూశాను. నిజమే, రోడ్డు పక్కన పశువుల పాక. ముందు సీట్లోంచి మా ఆవిడా, వెనక సీట్లోంచి అక్కయ్యగారూ ఒకేసారి అరిచారు. అక్కయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నా వైపు తిరిగి, "కరెక్టేనాండి బావగారూ?" అన్నారు.

కోనసీమ రోడ్ల మీద కళ్ళు మూసుకుని పేడ అంటే సగం సార్లు నిజమే అవుతుంది. పైగా ఆ కళ్ళు పూర్తిగా మూసుకున్నారో లేదో నేను చూడలేదు.

"కరెక్టేనండి" అన్నాను.