ఆమెన్ అనకముందే వచ్చిన రిపోర్టు

మనవరాలికి మొన్నటి నుంచి జ్వరం. డెంగ్యూ ఏమోనన్న భయంతో పొద్దున పంజాగుట్ట క్లినిక్‌కు తీసుకెళ్లాను. అక్కడ, యూనివర్సిటీ సార్లు పెట్టిన కొత్త టెస్టుల కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి పిల్ల వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను చిన్న టెస్టు పట్టీ మీద వేసింది. రిపోర్టు రేపు వస్తుందనుకుని నేను కళ్లు మూసుకుని పెద్ద ప్రార్థనే మొదలుపెట్టాను.

"అమ్మమ్మా, కళ్లు తెరువు. డెంగ్యూ లేదు," అంది ఆ అమ్మాయి.

"జర ఆగు బిడ్డా, ఇంకా ఆమెన్ అనలే."

"నువ్వు అనకముందే వచ్చింది గదా. ఇగ ఫికర్ చెయ్యకు."

సగంలో ఆపడం మర్యాద కాదని, మిగిలిన ప్రార్థన పక్కన దగ్గుతున్న పెద్దాయన కోసం చేసి ముగించాను.

పిల్ల ఇప్పుడు చారన్నం తింటోంది. నేను మాత్రం మాటిమాటికీ దాని నుదురు పట్టుకుని చూస్తున్నాను. అంత త్వరగా తేలిపోతే మీరైతే నమ్ముతారా?