నా చేతికివ్వని తాళాలు

ఆ పొద్దున నా చేతిలోని టీ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. జారిపడితే వేరే సంగతి. ఇది ఎగిరింది. ఎవరో మోచెయ్యి కింద తట్టినట్టు చెయ్యి ఒక్కసారి పైకి లేచి కిందికొచ్చింది. అప్పుడు నేను మంచిర్యాలలో డిగ్రీ చదువుతున్నాను. మా ఇల్లు మందమర్రిలో. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అవ్వ గోడ మీది మరక చూసి, "పొద్దుగాల పొద్దుగాల చేతులల్ల సత్తువ లేదానే ఎస్తేరూ? రాత్రంత ఆ ఫోన్ల మొఖం వెట్టుడు, తెల్లారి గిట్ల" అని తుడిచే గుడ్డ నా మీదికి విసిరింది. ఫోనే కారణమని నేనూ అనుకున్నాను.

తర్వాత దువ్వెన ఎగిరింది. ఇంకో రోజు టూత్ బ్రష్. అన్నీ పొద్దునే, నిద్ర లేచిన కాసేపటికే. కాలేజీ బస్సెక్కే సమయానికి నా చేతులు బుద్ధిగా మాట వినేవి. ఇంట్లో దీన్నొక తమాషా చేసుకున్నాం. చుట్టాలొస్తే, "మా ఎస్తేరుకు పొద్దుగాల గాజు గ్లాసు ఇయ్యకుండ్రి" అని బాపు నవ్వేవాడు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. రోగం రోజూ పొద్దునే వచ్చి తలుపు కొడుతుంటే మేం కూర్చుని నవ్వుకున్నాం.

మాది మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. డిసెంబరు ఆఖరి రాత్రి మా చర్చిలో తెల్లవార్లూ ఆరాధన ఉంటుంది, ఎవరూ పడుకోరు. ఆ ఏడు అలాగే మేలుకుని, తెల్లారి ఇంటికొచ్చి, కొత్త సంవత్సరానికని కొత్త చీర కట్టుకుంటున్నాను. కుచ్చిళ్లు పట్టుకున్న చేతులు రెండూ వరసగా ఎగిరాయి. అంతవరకే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నేల మీద పడి ఉన్నాను. నాలుక కొరుక్కున్నాను, నోరంతా రక్తం. చీర తడిసిపోయింది. చుట్టూ వాడకట్టు జనం. కుడి అరచేతిలో ఏదో గుచ్చుకుంటుంటే చూశాను. మా బీరువా తాళాలగుత్తి. పక్కింటి లచ్చక్క నా వేళ్లు బలవంతాన విప్పి దాన్ని లోపల పెట్టి, తన రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకుంది. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని మా దగ్గర అందరికీ తెలుసు, డాక్టర్లకు తప్ప.

"తాళాలు వెట్టినంకనే ఆగింది సూడుండ్రి" అంది లచ్చక్క. ఆమె మొహంలో ఒక ప్రాణం నిలబెట్టిన తృప్తి కనబడింది. నా అరచేతిలో తాళంచెవి పళ్ల గుర్తు వారం దాకా పోలేదు.

బాపు నన్ను కరీంనగర్ తీసుకెళ్లి న్యూరాలజిస్ట్‌కు చూపించాడు. ఆ మేడం అడిగిన మొదటి ప్రశ్నే, "పొద్దున లేవంగనే చేతులకెల్లి వస్తువులు ఎగిరి పడ్తయా?" అని. నేను బాపు వైపు చూశాను. బాపు నేల వైపు చూశాడు. ఈఈజీ తీశారు. దానికి ముందురోజు నిద్ర తగ్గించుకుని రమ్మన్నారు. తల నిండా జిగురు రాసి వైర్లు అంటించి, కళ్ల ముందు లైటు టపటపా కొట్టించారు. ఎమ్మారై నార్మల్ అన్నారు. జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అన్నారు. బాపు ఆ పేరు ఇప్పటికీ పలకలేడు.

"టాబ్లెట్లు వేసుకుంటే మంచిగనే ఉంటది. మంచిగున్నది గదా అని మానొద్దు. రాత్రి మేలుకునుడు మాత్రం నీకు విషం" అంది మేడం.

"ఎన్ని దినాలు వాడాలె మేడం?" అన్నాడు బాపు.

"ఏండ్లు వాడాలె. జీవితమంత కూడా కావచ్చు."

బాపు "మరి పెండ్లి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నాకు ఆ దిగులు లేదు. నేను టీచర్ కావచ్చా అని అడిగాను. "ఎందుకు కావద్దు?" అంది మేడం. ఆ మాట పట్టుకుని బీఈడీ పూర్తి చేశాను.

నాకు మొదట రాసిన టాబ్లెట్ వాల్‌ప్రోయేట్. ఒళ్లు వచ్చింది, జుట్టు దువ్వెనలోకి వచ్చింది. కానీ చేతులు ఆగాయి, ఫిట్స్ మళ్లీ రాలేదు. జుట్టుదేముంది, మళ్లీ వస్తుందిలే అనుకున్నాను.

అసలు రోగం ఉద్యోగం వెతుక్కునేటప్పుడు మొదలైంది. మంచిర్యాలలో ఒక ప్రైవేటు స్కూలుకు ఇంటర్వ్యూకి పోయాను. డెమో క్లాసు బాగా చెప్పావని మెచ్చుకున్నారు. ఆఖర్న, "హెల్త్ ప్రాబ్లమ్స్ ఏమన్న ఉన్నయా?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అడిగినాయన పెన్ను టోపీ పెట్టేశాడు. "ఫోన్ చేస్తం" అన్నాడు. ఆ ఫోన్ కోసం ఎన్ని రోజులు చార్జింగు తగ్గనియ్యకుండా పట్టుకుని తిరిగానో నాకే తెలుసు. ఇంకోచోటా అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఫోన్. ఆ తర్వాత బెల్లంపల్లిలో ఒక స్కూలు. అక్కడ నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏడో తరగతికి లెక్కల టీచరుగా తీసుకున్నారు. ఇంట్లో ఉద్యోగం వచ్చిందని మాత్రమే చెప్పాను.

ఆ స్కూల్లో నాకు మంచి పేరే వచ్చింది. భిన్నాలంటే పారిపోయే పిల్లలను బోర్డు దగ్గరికి రప్పించాను. తొమ్మిదిన్నరకల్లా పడుకునేదాన్ని. టాబ్లెట్లు బ్యాగులో విటమిన్ డబ్బాలో పెట్టుకునేదాన్ని. ఎవరైనా అడిగితే, "జుట్టు ఊడుతుంది మేడం" అనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. కోత పండుగ నాడు రైతులు పండిన పంటలో మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు. పంట లేనివాళ్లు, కొత్తగా పనిలో చేరినవాళ్లు, మొదటి జీతం కవరులో పెట్టి ఇస్తారు. ఇచ్చేటప్పుడు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ వినిపించాలి. నా మొదటి జీతం కవరు అవ్వ బియ్యం డబ్బాలో దాచి పండుగ కోసం ఎదురుచూసింది.

ఆ ఏడు పండుగకు మా స్కూలు కరస్పాండెంట్ గారి భార్యను అతిథిగా పిలిచారు. ఆమెది బెల్లంపల్లి చర్చి. స్కూలు నడిపేది కూడా నిజానికి ఆమే. ఆమెను ముందు వరుసలో చూసి నేను తల మీది కొంగు సవరించుకుని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. సాక్ష్యాలకు పిలుపు రాగానే అవ్వ కవరు పట్టుకుని మైకు దగ్గరికి పోయింది. మైకు ముందు అవ్వ నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

"నా బిడ్డకు ఫిట్సు. కొన్నేండ్ల సంది గోలీలు మింగుతనే ఉన్నది. పనికి పోతె ఫోన్ జేస్తమన్నరు, ఎవలు జెయ్యలే. గా తల్లి మాత్రం నా బిడ్డను గిసొంటిదని కాదనలే. పిల్లలను చేతికిచ్చింది. దేవుడే ఆమె మనసుల ఉండి ఇప్పిచ్చిండు." అవ్వ ముందు వరుసలోని ఆ మేడం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

చర్చి అంతా "ఆమేన్" అంది. మేడం లేచి వచ్చి అవ్వను కౌగిలించుకుంది. నేను బెంచీ చెక్క పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు చేతులు ఎగరలేదు గాని, ఎగిరినా నాకు తెలిసేది కాదు.

సోమవారం ఫస్ట్ పీరియడ్ కాకముందే ఆఫీసుకు పిలిచారు.

"కూసో ఎస్తేరు. మీ అమ్మ సాక్ష్యం ఇంటుంటె నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అంది మేడం. "నీకోసం రోజూ ప్రార్థన చేస్తం. కానీ పిల్లలు జూస్తె భయపడ్తరు గదా. వాళ్ల పేరెంట్స్‌కు నేనేం చెప్పాలె?"

"ఇక్కడ చేరినంక ఒక్కసారి సుత రాలే మేడం."

"వస్తే?"

"డాక్టర్‌తోటి రాయించుకొస్త మేడం, నేను పాఠం చెప్పచ్చని."

"అవన్ని ఎందుకమ్మా. నువ్వు ముందు ఆరోగ్యం జూసుకో" అని నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఉద్యోగం తీసేస్తూ నెత్తి మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించినవాళ్లను అంతకుముందు నేను చూడలేదు. కళ్లు మూసుకోలేదు నేను. ఆమె చెవి కమ్మలు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి అవ్వ మీద పడ్డాను. "నిన్నెవలు చెప్పుమన్నరే? పది మందిల నా బతుకు ఎందుకు వెడ్తివి?"

అవ్వకు చాలాసేపు అర్థం కాలేదు. "వాళ్లకు తెల్వదా?" అంది. "తెలిసే ఇచ్చిండ్రనుకున్న బిడ్డా. నువ్వు చెప్పే ఉంటవనుకున్న. గట్లయితే నేను ఆమెకు దేనికి మొక్కితి?"

నేను బ్యాగులోంచి విటమిన్ డబ్బా తీసి అవ్వ ముందు పెట్టాను.

అదే సమయంలో డాక్టర్ మేడం మందు మార్చింది. ముందు ముందు కడుపు పండితే బిడ్డకు వాల్‌ప్రోయేట్ మంచిది కాదని, మెల్లగా లెవెటిరాసెటమ్‌కు మార్చింది. "దీంతోని జర చిరాకు, కోపం వస్తయ్, సూసుకో" అంది. జరనా! చెంచా కిందపడితే కోపం, చెంచా తియ్యమంటే కోపం. ఆ నెలల్లో అవ్వను అన్న మాటల్లో నావి ఎన్నో, టాబ్లెట్‌వి ఎన్నో ఇప్పుడు విడదీయలేను. నిద్ర కరువైంది. నిద్ర లేకపోతే ఏమవుతుందో తెలిసీ పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దునే మందమర్రి బస్టాండులో పడిపోయాను. లేచేసరికి చేతిలో ఎవరిదో బైకు తాళంచెవి. ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు. బైకాయన నన్ను అడగకుండానే నా వేళ్లు విప్పి తన తాళం తీసుకుని పనికి పోయాడు. ఆయనకు పని ఉంది మరి.

కరీంనగర్‌లో మేడం డోసు పెంచింది. "ఉద్యోగం వాళ్లు తీసిండ్రు. నిద్ర నువ్వే పాడుచేసుకున్నవు" అంది. ఆ మాటకు బాగా కోపం వచ్చింది. కానీ ఆ రోజు నుంచే మళ్లీ సరిగా పడుకోవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నేను మంచిర్యాలలో ఒక పుస్తకాల షాపులో పనిచేస్తున్నాను. స్కూళ్లకు టెక్స్ట్ బుక్కులు, నోట్ బుక్కులు వేసే పెద్ద షాపు. మొదటిరోజే సేటుకు అన్నీ చెప్పాను. దాచే ఓపిక అయిపోయింది. సేటు ఏమీ కంగారు పడలేదు. "ఫిట్సా? మా చిన్నాయనకు ఉండె. ఫికర్ చెయ్యకు బిడ్డా, తాళాలు ఎప్పటికీ గీడ్నే ఉంటయ్" అని గోడ మేకుకు వేలాడుతున్న గుత్తి చూపించాడు. తాళాలు వద్దు, నన్ను పక్కకు తిప్పి పడుకోబెడితే చాలని చెప్పాను. సరే అన్నాడు. అందరికన్నా నాకు జీతం తక్కువే. "తెలిసి తెలిసి పెట్టుకున్న గదా" అంటాడు, అది కూడా జీతంలో భాగమైనట్టు. పనిలో చేరాక ఒక్కసారీ పడిపోలేదు. ఏ స్కూలుకు ఏ క్లాసువి ఎన్ని పుస్తకాలు పోవాలో నన్నే అడుగుతారు.

షాపులో మాకు తాళాల వంతు ఉంటుంది. వారానికొకరు ఆ గుత్తి ఇంటికి తీసుకెళ్లి, పొద్దున వచ్చి షాపు తెరవాలి. రజిత నా తర్వాత చేరింది. బిల్లింగు నేర్పింది నేనే. రెండో నెలకే ఆమెకు వంతు వచ్చింది. నాకు రాలేదు. మొన్న అడిగేశాను.

"సేటూ, నాకు తాళాల వంతు ఎప్పుడొస్తది?"

"నీకెందుకమ్మా ఆ పరేషాని? పొద్దుగాల షెటర్ లేపుతుంటె ఏమన్నయితే? నేను నీ మంచికే చెప్తున్న."

ఆయన మాటలో అబద్ధం లేదు. నా జబ్బుకు పొద్దున్నే ప్రాణమొస్తుంది. షెటర్ బరువు. కానీ షెటర్ వేరేవాళ్లు లేపి, తాళం నేను తీస్తే సరిపోతుంది. ఆ సంగతి ఆయనకు తోచలేదు. నేను ఇంకా చెప్పలేదు. చెబితే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. ఈ భయానికి కరీంనగర్ మేడం దగ్గర టాబ్లెట్ లేదు.

ఈసారి కోత పండుగకు ఈ షాపులో నా మొదటి జీతం కవరు అవ్వే తెచ్చింది. దాని మీద పేరు రాయించలేదు. సాక్ష్యాలకు పిలిచినప్పుడు లేవలేదు. కవరు మెల్లగా కానుకల సంచిలో వేసి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుని ఒడిలోకి చూసుకుంది. నా మాటే నెగ్గింది కదా, సంతోషించాలి. ఏడుపొచ్చింది.

పనిచేసేచోట జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని మీలో ఎవరైనా నన్ను అడిగితే నాకు తెలియదు. చెప్పి చూశాను, చెప్పకుండా చూశాను. కానీ మీ ముందు ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. మనిషిని ఒక పక్కకు తిప్పండి. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతిలో తాళాలు పెట్టకండి, వాటితో ఏదీ ఆగదు. ఆ తాళాలు మీ దగ్గరే ఉంచండి. ఆ మనిషి లేచి, మొహం కడుక్కుని, మళ్లీ పనికి వచ్చిన రోజు చేతికివ్వండి.