నాలుగో ఫారం వాకిలి

మా పక్కింటి మిద్దె మీద ఒక అమ్మాయి ట్యూషన్ చెబుతుంది. సాయంత్రం అయిదు కాగానే పిల్లలంతా ఒక్క గొంతుతో ‘గో, వెంట్, గాన్’ అని అరుస్తారు. ఆ అరుపు కిటికీలోంచి వచ్చి చెవిన పడినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతుంది. ఆ మూడు మాటలూ నేను మొదటిసారి విన్నది పదమూడేళ్ళ ఆడపిల్లగా, కణేకల్లుకు నాలుగు మైళ్ళ అవతల మా ఊరి బళ్ళో, జయరాజు అయ్యవారి నోట. ‘వెంట్’ అనే ముందు ఆయన ఒక్క క్షణం ఆగి, అరచేతి మీద పెన్సిలుతో రాసుకున్నది చూసుకునేవారు.

అవి యాభైల చివరి ఏళ్ళు. మా వైపు ఇంకా కాలువ రాలేదు. వాన తప్పిన ఏడు మా అమ్మా నాయనా కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు. అలాంటి ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా బడి నిలిచిందంటే అది అయ్యవారి మొండితనమే. దాన్ని హయ్యర్ ఎలిమెంటరీ బడి అనేవాళ్ళు. రాయదుర్గంలో ఉన్నది హైస్కూలు. రెండూ బళ్ళే కదా అనుకునేవాళ్ళం. దారులు వేరని మా పెద్దవాళ్ళకు తెలియదు. అయిదో తరగతి కాగానే పరీక్ష రాసి హైస్కూల్లో మొదటి ఫారంలో చేరితే, ఆరో ఫారం దాకా చదివి, ఎస్సెల్సీ పాసై, కాలేజీకి పోవచ్చు. మా బళ్ళోనే ఉండిపోతే ఎనిమిదో తరగతి చివర ఒక పెద్ద పరీక్ష, ఆ తర్వాత మహా అయితే పంతుళ్ళ ట్రైనింగు. ఎనిమిది పాసైనవాళ్ళు హైస్కూలు నాలుగో ఫారంలో చేరవచ్చనే నిబంధన ఉండేది కానీ, అందుకు ఇంగ్లీషులో ప్రవేశపరీక్ష నెగ్గాలి. హైస్కూలు పిల్లలకు మొదటి ఫారం నుంచే ఇంగ్లీషు ఉండేది. మా బళ్ళో ఆ పాఠమే లేదు.

మా తరగతిలో హనుమంతు అనే పిల్లవాడు ఉండేవాడు. నోటిలెక్క అడిగితే మేము వేళ్ళు మడిచేలోగా జవాబు చెప్పేవాడు. మేము అయిదు పాసైన వేసవిలో ఒక పొద్దున వాళ్ళ నాయన ఎర్రన్న బడికి వచ్చాడు. నేను కుండలో నీళ్ళు నింపుతున్నాను. “అయ్యవారూ, మా బావమరిది రాయదుర్గంలో ఉండాడు. పిల్లోన్ని ఈ ఏడే ఆడికి పంపమంటాడు. ఏం చేయమంటారు?” అని అడిగాడు. అయ్యవారు హాజరుపట్టీ తెరిచి, పేర్ల మీద వేలు పెట్టి, మళ్ళీ మూశారు. “ఈడనే ఎనిమిది దాకా ఉండాది కదప్పా. పసిబిడ్డను అప్పుడే ఊరు దాటించేదెందుకు? ఎనిమిదైనాక పంపు” అన్నారు. ఎర్రన్న నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటతో హనుమంతు మాతోనే ఉంటాడని నేను సంతోషపడ్డాను.

ఎనిమిదో తరగతికి వచ్చాక అయ్యవారు ఉన్నట్టుండి ఇంగ్లీషు మొదలుపెట్టారు. ఆయన చదివిందీ ఎనిమిదో తరగతే, పైన ట్రైనింగు. అందుకని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే కణేకల్లుకు నడిచిపోయి, అక్కడి పోస్టుమాస్టరు దగ్గర ఒక పాఠం చెప్పించుకుని, సోమవారం అదే పాఠం మాకు చెప్పేవారు. ఒకరోజు హనుమంతు లేచి, “గో అనేది వెంట్ ఎట్లయితాది అయ్యవారూ? లెక్కకు నిలబడలేదే” అన్నాడు. అయ్యవారు అరచేతిలో రాసుకున్నది మళ్ళీ చూసుకున్నారు. “నాకూ తెలీదురా. అట్ల రాసిండారు. నువ్వు కంఠతా పట్టు నాయనా, ఈ ఒక్క ఏడు ఎందుకని అడగొద్దు” అన్నారు. ఆయన గొంతులో వినిపించింది భయమని అప్పుడు నాకు తెలియలేదు.

పెద్ద పరీక్షలో హనుమంతుకు లెక్కల్లో తాలూకా మొత్తంలో తిరుగులేదని చెప్పుకున్నారు. జూన్‌లో అయ్యవారు వాణ్ణీ, తోడుగా నన్నూ, ఎర్రన్ననూ వెంటబెట్టుకుని రాయదుర్గం హైస్కూలుకు తీసుకుపోయారు. టీసీలు, మార్కుల కాగితాలు గుడ్డసంచిలో మడత నలగకుండా పట్టుకున్నారు. అక్కడివాళ్ళు మా ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఇంగ్లీషు డిక్టేషన్ చెప్పారు, ఒక వ్యాసం రాయమన్నారు. నేను నాలుగు వాక్యాలు రాశాను, అవీ చాలలేదు. హనుమంతు కాగితం దాదాపు తెల్లగానే ఉంది.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. హనుమంతుతో బోర్డు మీద రెండు లెక్కలు చేయించి చూశాడు. “లెక్కల్లో మా అయిదో ఫారం వాళ్ళకంటే మేలే. కానీ పై తరగతుల్లో పాఠాలు అర్థం కావాలంటే ఇంగ్లీషు రావాలి కదా. నాలుగో ఫారంలో తీసుకోలేను. కావాలంటే మొదటి ఫారంలో కూర్చోమనండి” అన్నాడు. ఎర్రన్న ముందుకు వచ్చాడు. “మొదటి ఫారమంటే మళ్ళా ఆరో తరగతేనా సామీ? మరి ఈ మూడేండ్లు చదివింది యాడికి పోయె?” అన్నాడు. హెడ్మాస్టరు మార్కుల కాగితాలు అయ్యవారి చేతికి తిరిగి ఇచ్చాడు. మొదటి ఫారం అంటే ఇంకా ఆరేళ్ళు. ఇంట్లో హనుమంతు తర్వాత ముగ్గురు పిల్లలు. ఎర్రన్న బయటికి నడిచాడు.

బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. ఎర్రన్న, “ఇట్లయితాదని మీకు ముందే తెలుసునా అయ్యవారూ?” అన్నాడు. లేదని చెప్పి ఉంటే అతను నమ్మేవాడు. అయ్యవారు, “తెలుసప్పా” అన్నారు. “నీ కొడుకుతో పాటు ఇంకో ఇద్దరు పోతే ఆరో తరగతికి పిల్లలు చాలరు. పై తరగతులు తీసేస్తారు. ఎనిమిదయ్యేలోగా ఇంగ్లీషు నేర్పొచ్చులే అనుకుంటి. నాకే రాలేదు” అన్నారు. ఎర్రన్న కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటిదాకా ‘మీరు’ అన్నవాడు ఆ మాట వదిలేశాడు. “నా కొడుకును అడ్డం పెట్టి బడి నిలబెట్టుకుంటివి” అన్నాడు. బస్సులో మాకు దూరంగా కూర్చున్నారు ఇద్దరూ. హనుమంతు ఊరు వచ్చేదాకా తల తిప్పలేదు.

పంతుళ్ళ ట్రైనింగుకు మాకింకా వయసు చాలదు. ఆ నెలలోనే వాడు కంకర పనికి పోయాడు. అయ్యవారు ఆదివారాలు వాడు పనిచేసే చోటికి పుస్తకం పట్టుకుని వెళ్ళేవారు. వాడు సుత్తి ఆపేవాడు కాదు. కాసేపు నిలబడి ఆయన తిరిగి వచ్చేసేవారు. రెండో ఏడు రాతిముక్క ఎగిరి వాడి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది.

ఆ తర్వాత అయ్యవారు అయిదో తరగతి పిల్లల తండ్రులందరికీ ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పారు. “ఈడ ఉంచొద్దు. మొదటి ఫారానికి పంపండి” అన్నారు. పంపగలిగినవాళ్ళు మగపిల్లల్ని పంపారు. రెండేళ్ళకు మా బళ్ళో పై తరగతులు ఎత్తేశారు. ఆడపిల్లల్ని ఊరు దాటించేవాళ్ళు ఎవరు? మా చెల్లెలు గంగమ్మ అయిదుతోనే ఆగిపోయింది. గంప ఎత్తుకుని అమ్మ వెంట పనికి పోతూ బడి ముందర నడిచేది. గంగమ్మ కనబడితే అయ్యవారు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయేవారు.

నాకు వయసు వచ్చాక ట్రైనింగులో సీటు దొరికింది. మొదటి ఉద్యోగం గార్లదిన్నె దగ్గర. చేరే ముందు చెప్పిరావడానికి వెళితే ఆయన మంచం మీద ఉన్నారు, బాగా చిక్కిపోయారు. “ఆ పై తరగతులు లేకుంటే నువ్వు అయిదుతో ఆగిపోయేదానివి. నీ కోసమే చేసినానని చెప్పుకుంటాండా. అది నిజమో, నా బడి పోతాదని చేసినానో, నాకే తెలీదమ్మా” అన్నారు. ఏదో ఒకటి అనాలి. కాళ్ళకు మొక్కి వచ్చేశాను.

ఆ ఎండాకాలంలోనే పోయారు. నేను వెళ్ళేసరికి ఊరి బయట గొయ్యి తవ్వుతున్నారు. నేల గట్టి పడి గడ్డపార దిగడం లేదు. మోకాలి లోతులో ఒక్కడే నిలబడి తవ్వుతున్నవాడు హనుమంతు. “నువ్వా?” అన్నాను. “అంతా రాయి ఉండాది. ఇంకెవురికి చేతనైతాది?” అన్నాడు. చెమట తుడుచుకోవడానికి ఆగినప్పుడు, కోపం పోయిందా అని అడిగాను. ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. “పోలేదు. పోదు. నాకు లెక్కలు చెప్పినోడు ఆయనొక్కడే కదా” అని మళ్ళీ గడ్డపార ఎత్తాడు.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ప్రతి జూన్‌లో ఎవరో ఒక తండ్రి వచ్చి, పిల్లవాణ్ణి ఇక్కడే ఉంచాలా, పంపాలా అని అడిగేవాడు. పంపమనే చెప్పాను. చెబుతూ చివరి వరసలో కూర్చున్న ఆడపిల్లల వైపు చూడకుండా ఉండటం మాత్రం నేర్చుకోలేకపోయాను. ఇప్పటికీ వీధిలో ఎవరైనా టీచరమ్మా అని పిలిస్తే, హనుమంతును ఆ మూడేళ్ళు నా పక్కన కూర్చోబెట్టబట్టే నాకు ఆ పిలుపు వచ్చిందని గుర్తుకొస్తుంది. అయ్యవారి దగ్గర ఆ మాట అనలేకపోయాను. హనుమంతు ఇంకా మా ఊళ్ళోనే ఉన్నాడు. వాడితో అనే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.